ఇది ఏ నీళ్ల చేప?

జూన్ 7 లేదా 8. మృగశిర కార్తె మొదలయ్యే రోజు. ఆ పొద్దున పెద్దపల్లి జిల్లా బొగ్గు పట్టణం గోదావరిఖనిలో చేపల దుకాణాల దగ్గర నిలబడటానికి చోటుండదు. ఫస్ట్ షిఫ్ట్ ఉన్నవాళ్లు ముందు రాత్రే చెప్పి పెట్టుకుంటారు. నైట్ షిఫ్ట్ దిగినవాళ్లు టిఫిన్ డబ్బా చేతిలో ఉండగానే ఇంటికి పోయే తొవ్వలో సంచి పట్టుకొని ఆగుతారు. ఎండ తగ్గి తొలకరి పడే వేళ చేప తింటే ఉబ్బసం, దగ్గు దరిచేరవని పెద్దల మాట. హైదరాబాద్‌లో బత్తిని కుటుంబం చేప ప్రసాదం పంచేదీ ఈ కార్తెకే. ఆ నమ్మకానికి శాస్త్రీయ రుజువు లేకపోయినా, ఉత్తర తెలంగాణలో ఆ రోజు పొయ్యి మీద చేప పులుసు ఉడకని ఇల్లు తక్కువ.

గిరాకీ అంత పెరిగాక అన్ని రకాల చేపలూ బజారుకు వస్తాయి. తెల్లారి వలలో పడ్డదీ వస్తుంది, రెండు రోజుల కింద ఐసులో పెట్టి లారీ ఎక్కించిందీ వస్తుంది. రెండూ ఒకే తట్టలో పక్కపక్కన పడుకుని ఉంటాయి. అందుకే అనుభవం ఉన్న కొనుగోలుదారు ధర కంటే ముందు ఊరు అడుగుతాడు.

"ఎల్లంపల్లిదేనా అక్కా?"

"ఎల్లంపల్లిదే సారూ. పొద్దుగాల వలల పడ్డది. నమ్మకుంటే మొప్పలు లేపి చూస్కో."

మంచి చేపల భోజనం కోసం వెతికేవాళ్లు సాధారణంగా 'ఏ హోటల్ బాగుంటుంది' అని మొదలుపెడతారు. బోర్డు పాతదే ఉంటుంది, వంటమనిషీ పాతవాడే ఉంటాడు, చేప మాత్రం రోజూ కొత్తగా రావాలి. కాబట్టి అడగాల్సింది మూడు సంగతులు: ఇది ఏ నీళ్లది, ఎప్పుడు పట్టింది, ఇవాళ ఏం పడింది. పెద్దపల్లి జిల్లా చెరువు గట్టు మీదైనా, బాపట్ల తీరంలోనైనా, పసిఫిక్ ఒడ్డున మెక్సికోలోనైనా ఈ మూడు ప్రశ్నలతోనే మంచి ముక్క దొరుకుతుంది.

బొగ్గు గడ్డ మీద నీళ్లు

పెద్దపల్లి అనగానే గుర్తొచ్చేది బొగ్గు. సింగరేణి బాయిలు, ఓపెన్‌కాస్ట్ గుట్టలు, 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ చిమ్నీలు. సముద్రం ఇక్కడికి నాలుగు వందల కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరం. కానీ జిల్లాకు ఉత్తరపు హద్దు గోదావరి. మానేరు ఈ నేల మీదుగానే పారి మంథని వైపు గోదావరిలో కలుస్తుంది. ఊరూరా చెరువులు ఉండనే ఉన్నాయి.

వీటన్నిటికీ పెద్దన్న శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు. అంతర్గాం మండలం ముర్మూరు దగ్గర ఒక కొస, మంచిర్యాల జిల్లా వైపు మరో కొస. 62 గేట్లు, నిండితే 20.175 టీఎంసీల నీళ్లు. ఉమ్మడి రాష్ట్ర శాసనసభ స్పీకర్‌గా పనిచేసిన మంథని నాయకుడు దుద్దిళ్ల శ్రీపాదరావు పేరు దానికి పెట్టారు. సాగునీటికి, ఎన్టీపీసీకి, హైదరాబాద్ తాగునీటికి కట్టిన ఆ జలాశయం చుట్టుపక్కల ఊళ్ల బెస్తలకు, ముదిరాజ్‌లకు బతుకుదెరువు కూడా అయింది.

అక్కడ వలకు పడే చేపల్లో ఎక్కువ పేర్లు అందరికీ తెలిసినవే. తల పెద్దగా, నోరు పైకి ఉండే బొచ్చె. కాస్త ఎర్రటి రెక్కల రవ్వ. మ్రిగాల, బంగారు తీగ. అడుగున తిరిగే జెల్లలు. పొడుగ్గా, నోట్లో పళ్లతో చూడగానే బెదిరించే వాలుగ. 2016-17 నుంచి ప్రభుత్వం చెరువుల్లో, జలాశయాల్లో చేప పిల్లలను ఉచితంగా వదిలే పథకం పెట్టాక బొచ్చె, రవ్వల రాక పెరిగింది. ఆ తర్వాత పెద్ద జలాశయాల్లో నీలకంఠ రొయ్య పిల్లలను కూడా వదిలారు.

అన్నిటికంటే మర్యాద ఎక్కువ దక్కేది కొర్రమీనుకు. పల్లెల్లో కొర్రమట్ట అన్నా ఇదే. 2016లో దీన్ని తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు. మొప్పలతో పాటు గాలి కూడా పీల్చుకోగల చేప కాబట్టి నీళ్లలోంచి తీసినా చాలాసేపు బతుకుతుంది. అందుకే దీన్ని తొట్టిలో ప్రాణంతోనే అమ్ముతారు. కొనేవాడు వేలుపెట్టి చూపిస్తే అది ఒక్క ఎగురు ఎగిరి పక్కవాడి చొక్కా తడుపుతుంది. ఏ రోజు పట్టిందన్న అనుమానం ఒక్క కొర్రమీను దగ్గరే రాదు. నడుమ ముల్లు తప్ప చిన్న ముళ్లు పెద్దగా ఉండవు కనుక పిల్లలున్న ఇళ్లలో ఎంత ధరైనా దీన్నే అడుగుతారు.

నీళ్లు పోతే చేపా పోతుంది. 2019లో కాళేశ్వరం ప్రాజెక్టు మొదలయ్యాక సుందిళ్ల, అన్నారం బ్యారేజీల వెనుక గోదావరి ఎండాకాలంలోనూ నిండుగా కనిపించింది. 2023 అక్టోబర్ 21న అదే ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాక, భద్రత కోసం మిగతా రెండు బ్యారేజీల నీళ్లూ వదిలేశారు. వాటి మీద వేట సాగించిన ఊళ్లు మళ్లీ ఎల్లంపల్లి వైపు, ఊరి చెరువు వైపు చూడాల్సి వచ్చింది. బజార్లో 'ఇవాళ ఏం పడింది' అని అడిగితే వచ్చే జవాబు వెనక ఇంత కథ ఉంటుంది.

కళ్లు, మొప్పలు, వేలు

గోదావరిఖని, పెద్దపల్లి, సుల్తానాబాద్ బజార్లకు వచ్చే చేప అంతా స్థానికం కాదు. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల వైపు కైకలూరు, ఆకివీడు ప్రాంతాల చెరువుల్లో పెంచిన చేప ఐసు పెట్టెల్లో లారీల మీద వస్తుంది. అది చెడ్డ చేప కాదు. దేశంలో చాలా రాష్ట్రాల వాళ్లు తినేది దాన్నే. కాకపోతే ప్రయాణం చేసి వచ్చింది కాబట్టి దాన్ని నిన్నటి చేపగానే చూడాలి, నిన్నటి ధరకే కొనాలి.

తేడా పట్టడానికి మూడే పరీక్షలు. కన్ను ఉబ్బి, తేటగా, నల్లగుడ్డు స్పష్టంగా ఉండాలి. లోపలికి గుంటపడి పాలపొర కమ్మినట్టుంటే పాతది. మొప్ప లేపితే లోపల ఎర్రగా, తడిగా ఉండాలి. గోధుమ రంగుకో బూడిద రంగుకో తిరిగితే వదిలేయాలి. మూడోది వేలి పరీక్ష. వీపు మీద బొటనవేలితో గట్టిగా నొక్కి తీస్తే గుంట వెంటనే పూడాలి. పొట్ట మెత్తగా జారుతున్నా, పొలుసు చెయ్యి తగలగానే ఊడుతున్నా కాలం మించిందని అర్థం. తాజా మంచినీటి చేపకు నీటి వాసన, నాచు వాసన ఉంటుంది. ముక్కు పొడిచే ఘాటు ఉండదు.

ఆ తర్వాతి పని కోసే ఆమెది. చేప జారకుండా చేతికింత బూడిద పూసుకొని, కత్తిపీటను కాలితో తొక్కిపట్టి, తోక నుంచి తల వైపు పొలుసు గీకుతుంది. పొట్ట చీల్చి పేగులు తీసేటప్పుడు పచ్చటి చేదుకట్టు చిట్లకుండా రెండు వేళ్లతో ఎత్తి పక్కన పడేస్తుంది. అది పగిలితే పులుసంతా చేదు. 'పులుసుకా, ఫ్రైకా?' అని అడిగి కోత మారుస్తుంది. పులుసుకైతే అడ్డంగా మందపాటి ముక్కలు, ఫ్రైకైతే పలుచగా. ఈ ప్రశ్న అడగకుండా చేపను ఎడాపెడా నరికేసే దుకాణం మీద పాత కొనుగోలుదార్లకు నమ్మకం ఉండదు.

పెనం కనిపించే చోటు

తెలంగాణలో చేపలకు పేరుపడ్డ తిండి చోట్లు చాలావరకు డ్యాముల పక్కనే పుట్టాయి. నిజామాబాద్, నిర్మల్ జిల్లాల మధ్య 44వ నంబర్ జాతీయ రహదారి మీద పోయేవాళ్లు పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ చేపల ఫ్రై కోసం బండి ఆపుతారు. నాగార్జునసాగర్ దగ్గరా అంతే. గోదావరిఖని నుంచి హైదరాబాద్ పోయే రాజీవ్ రహదారి మీద కరీంనగర్ దాటగానే కనిపించే దిగువ మానేరు జలాశయం కూడా చేపలకు పేరున్నదే. 24 టీఎంసీల ఆ నీళ్లలో వలవేటతో పాటు పంజరాల్లో పెంపకమూ సాగింది.

ఇలాంటి చోట్ల రేకుల షెడ్డు చూసి వెనక్కి తగ్గనక్కర్లేదు, టైల్స్ చూసి మురిసిపోనక్కర్లేదు. చూడాల్సినవి వేరు. చేప కళ్ల ముందు ఉందా? ముక్కకు ఉప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి పట్టించి ట్రేలో పేర్చి, అడిగాకే పెనం మీద వేస్తున్నారా? నూనె రంగు ఎలా ఉంది? పొద్దటి నుంచి మరిగి నల్లబడిన నూనెలో ఎల్లంపల్లి చేప వేసినా, ఏ చేప వేసినా ఒకటే రుచి. ముక్కకు ఎర్రటి రంగు మరీ మెరిసిపోతుంటే అది కారం తెచ్చిన ఎరుపు కాకపోవచ్చు.

పట్టీ చిన్నగా ఉండటం మంచి గుర్తు. 'ఇవాళ బొచ్చె, జెల్ల మాత్రమే ఉన్నయన్నా' అని చెప్పగలిగిన హోటల్‌ను నమ్మవచ్చు. ఏడాది పొడుగునా ఇరవై రకాల చేపలు ఉన్నాయని అచ్చువేసిన మెనూ ఫ్రీజర్ పొడవు చెబుతుంది. వేళ కూడా ముఖ్యమే. వల తెల్లవారుజామున తీస్తారు. చేప పొద్దున్నే బజారుకొస్తుంది, మధ్యాహ్నానికి పొయ్యెక్కుతుంది. కాబట్టి చేపలు పగటి భోజనానికి నప్పినంతగా రాత్రికి నప్పవు. ఫస్ట్ షిఫ్ట్ వాళ్లు డ్యూటీ దిగి వచ్చే సరికి కుండలో పులుసు అడుగంటిందంటే ఆ హోటల్ బాగా నడుస్తోందని లెక్క.

ఉత్తర తెలంగాణ చేపల పులుసుకు తనదైన తీరు ఉంది. ఉల్లిగడ్డను నిప్పుల మీద కాల్చి నూరుతారు. ధనియాలు, జీలకర్ర, మెంతులు, ఎండు కుడుక, కొందరి ఇళ్లలో నువ్వులు కూడా వేయించి పొడి చేస్తారు. చిక్కటి చింతపులుసు మరిగాక ముక్కలు వదులుతారు. అక్కడి నుంచి గరిటె పెట్టరు. గిన్నెను రెండు చేతులా బట్టతో పట్టుకొని గుండ్రంగా ఒక తిప్పు తిప్పుతారు. ముక్క విరగకుండా పులుసు అంతటా పాకుతుంది. హోటల్లో ముక్క చిదురై గుజ్జులో కలిసిపోయి ఉంటే, వండినవాళ్లు తొందరలో ఉన్నారనో, నిన్నటిదాన్ని మళ్లీ వేడి చేశారనో అనుకోవచ్చు.

చింతపండు చేసే పని

చేపకు పులుపు ఎందుకు జత అయింది? రుచి ఒక కారణమైతే, రసాయనం మరో కారణం. చెరువు చేపల్లో కొన్నిసార్లు తగిలే మట్టి వాసనకు మూలం జియోస్మిన్ అనే పదార్థం. నీళ్లలోని కొన్ని రకాల నీలి ఆకుపచ్చ నాచు, సూక్ష్మజీవులు దాన్ని తయారు చేస్తాయి. తొలివానకు నేల నుంచి లేచే మట్టి వాసనలో ఉండేదీ అదే. ఆమ్లం తగిలితే జియోస్మిన్ విచ్ఛిన్నమవుతుంది. నిలవ నీటి చేపకు చింతపులుసు, పారే నీటి చేపకు ఉట్టి ఫ్రై బాగుంటాయని ఆడవాళ్లు చెప్పే మాటకు ఆధారం ఇక్కడుంది.

సముద్రపు చేప సంగతి వేరు. ఉప్పునీటిలో బతకడానికి దాని ఒంట్లో ఒక ప్రత్యేక పదార్థం నిలవ ఉంటుంది. చేప చచ్చాక సూక్ష్మజీవులు దాన్ని ట్రైమిథైలమీన్‌గా మారుస్తాయి. 'చేపల కంపు' అని మనం అనేది దాన్నే. నిమ్మరసం, చింతపండు, వెనిగర్ ఏదైనా సరే ఆ పదార్థంతో కలిసి దాన్ని గాల్లోకి లేవనివ్వవు. అందుకే తీరప్రాంతపు వంటలన్నిటా పులుపు ఉంటుంది. నెల్లూరు చేపల పులుసులో చింతపండుతో పాటు మామిడికాయ ముక్కలు పడతాయి. మట్టికుండలో వండి మర్నాడు తింటే రుచి ఎక్కువని అక్కడివారు పట్టుబడతారు. మెక్సికోలోనైతే పళ్లెం పక్కన నిమ్మబద్ద లేకుండా చేప రాదు.

మక్క రొట్టె, మెక్సికో రొట్టె

మెక్సికో ప్రస్తావన ఊరికే రాలేదు. కరీంనగర్, పెద్దపల్లి పొలాల్లో పండే మక్కజొన్న పుట్టిల్లు అదే. మిరపకాయను మొదట సాగులోకి తెచ్చిందీ ఆ నేలే. టమాటాను తోటపంటగా మార్చిందీ అక్కడివాళ్లే. పదహారో శతాబ్దం నుంచి ఓడల మీద ఈ పంటలు మన వైపు వచ్చాయి. ఎదురుగా చింతపండు అటు పోయింది. ఇవాళ అక్కడి వీధుల్లో చింతపండు షర్బత్ తాగుతారు, చింతపండు మిఠాయి చప్పరిస్తారు.

మెక్సికో పడమటి తీరంలో, అమెరికా సరిహద్దుకు దిగువన ఎన్సెనాదా అనే రేవు పట్టణం ఉంది. చేపల టాకోకు అది పెట్టింది పేరు. పిండిలో ముంచి కరకరలాడేలా వేయించిన చేప ముక్కను మెత్తటి మక్క రొట్టె మీద పెడతారు. పైన సన్నగా తరిగిన క్యాబేజీ, చిక్కటి తెల్లటి సాస్, టమాటా మిర్చి పచ్చడి వేసి, నిమ్మకాయ పిండి, రొట్టెను సగానికి మడిచి నిలబడే తినేస్తారు. 1983లో రాల్ఫ్ రూబియో అనే యువకుడు ఈ వంటకాన్ని సరిహద్దు దాటించి శాన్ డియేగోలో దుకాణం తెరిచాడు.

ఎన్సెనాదాలోనూ మంచి చోటు వెతికే పద్ధతి మన పద్ధతే. చేపల బజారును ఆనుకొని బండ్లు ఉంటాయి. ఊళ్లో 'లా గెర్రెరెన్సే' అనే తోపుడు బండి పేరు ప్రపంచమంతా పాకింది. దాన్ని నడిపే సబీనా బందేరా చేతి వంటను అమెరికన్ వంటల రచయిత ఆంథొనీ బోర్డెయిన్ మెచ్చుకున్నాక విదేశీయులు అక్కడ వరుస కట్టారు. అక్కడి సముద్రపు తిండి దుకాణాలు చాలావరకు పగటిపూటే నడిచి, సాయంత్రానికి మూతపడతాయి. కారణం పొద్దటి చేప పొద్దు ఉండగానే అయిపోవాలన్నదే. రొయ్యల వేటకు అక్కడా నిషేధ కాలం ఉంది.

రొట్టె దగ్గర మాత్రం తేడా ఉంది. మెక్సికన్లు మక్కలను సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, కడిగి ముద్దగా రుబ్బుతారు. దాంతో రొట్టె మెత్తగా సాగి, మడిచినా విరగదు. మక్కలోని ఒక బి విటమిన్ కూడా ఒంటికి పడుతుంది. మన మక్క రొట్టెకు ఆ పద్ధతి లేదు. పిండిలో వేడినీళ్లు పోసి, పిసికి, చేత్తో తట్టి పెనం మీద వేస్తాం. అది మడతపెడితే విరుగుతుంది. కాబట్టి గోదావరిఖనిలో సాయంత్రం పూట తట్టిన జొన్న రొట్టెనో మక్క రొట్టెనో తుంచి, దాంతో చేప ముక్కను పట్టి, పులుసులో అద్ది తింటారు. పచ్చి ఉల్లిగడ్డ, నిమ్మబద్ద పక్కన ఉంటే మెక్సికో పళ్లానికి, సింగరేణి పళ్లానికి సామాను ఇంచుమించు ఒకటే.

సముద్రానికి టికెట్

ఇక అసలు కడలి చేప తినాలంటే బండెక్కాలి. సింగరేణి కుటుంబాలకు ప్రయాణాలు కొత్తకాదు. ఎల్‌టీసీ ఉంది, దసరా ముందు లాభాల వాటా ఉంది. సాధారణంగా పిల్లల బడి సెలవులు చూసుకొని ఏప్రిల్ ఆఖర్లోనో, మేలోనో విశాఖ, బాపట్ల వైపు టికెట్లు తీస్తారు. చిక్కంతా అక్కడే ఉంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి కేంద్రం పెట్టిన నియమం అది. అంతకుముందు తక్కువ రోజులుండేది, 2015 నుంచి 61 రోజులు చేశారు. ఆ రెండు నెలలూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మత్స్యకార కుటుంబాలకు భృతి ఇస్తుంది. గతంలో 10,000 రూపాయలుండేది, 2025లో 20,000 చేశారు. తెలంగాణ బడుల వేసవి సెలవులు మొత్తం ఈ నిషేధంలోనే ఇమిడిపోతాయి. మే నెలలో బీచ్ ఒడ్డున హోటల్‌లో 'ఇప్పుడే వచ్చిన వంజరం' అని చెబితే, అది ఎక్కడి నుంచి వచ్చిందని అడగాల్సిందే. నిషేధం ఇంజన్ లేని తెప్పలకు, చిన్న నావలకు వర్తించదు కనుక ఒడ్డుకు దగ్గర్లో పడే చిన్న చేప అప్పుడూ తాజాగా దొరుకుతుంది. పెద్ద చేప మాత్రం ఎక్కువగా ఐసు గదిలోది.

వేసవిలో తప్పనిసరై పోతే రొయ్యను, పండుగప్పను నమ్ముకోవడం నయం. రెండూ చెరువుల్లో పెంచేవే. 2009 తర్వాత వనామీ రొయ్య సాగు వచ్చాక దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానంలో నిలిచింది. భీమవరం చుట్టుపక్కల నడి వేసవిలోనూ పచ్చి రొయ్య దొరుకుతుంది.

రామగుండం నుంచి సముద్రానికి తిన్నని దారి రైలుదే. ఢిల్లీ-చెన్నై ప్రధాన మార్గం రామగుండం, పెద్దపల్లి, కాజీపేట, విజయవాడ మీదుగా పోయి బాపట్ల, చీరాలను తాకుతుంది. బాపట్లలో దిగితే సూర్యలంక బీచ్ తొమ్మిది కిలోమీటర్ల దూరం. చీరాలలో దిగితే వాడరేవు ఇంకా దగ్గర. సూర్యలంకకు స్నానాల జనం ఎక్కువ. వాడరేవు పనిచేసే రేవు. పడవలు ఒడ్డుకు వచ్చేది, గంపలు దిగేది, వేలం పాట పాడేది అక్కడ కళ్లారా చూడొచ్చు. చేప కోసమే పోయేవాళ్లకు రెండోదే మేలు.

విశాఖకు పోతే తెల్లవారుజామునే ఫిషింగ్ హార్బర్‌కు చేరుకోవాలి. మరపడవల నుంచి దిగిన చేప అక్కడే వేలంలో పోతుంది. చిల్లరగా అమ్మే ఆడవాళ్లు, కోసిపెట్టేవాళ్లు పక్కనే ఉంటారు. గోదావరి చేపలకు అలవాటుపడ్డ కంటికి అక్కడ పేర్లన్నీ కొత్త. వంజరాన్ని అక్కడ కోనెం అంటారు. చందువ బల్లపరుపుగా వెండిరంగులో ఉంటుంది, ముల్లు తక్కువ, పిల్లలకు పెట్టొచ్చు. కానాగంతలు, కవళ్లు చవక. నూనె ఎక్కువ కాబట్టి తాజాగా ఉన్నప్పుడు వేపుడుకు వాటిని మించినవి లేవు, పూట దాటితే మాత్రం వాటిని మించిన కంపూ లేదు. నెత్తళ్లు పిడికెడు వేయిస్తే ముల్లుతో సహా నమిలేయొచ్చు. హోటల్లోనే తినాలనుకుంటే రుషికొండ వైపు బీచ్ రోడ్డులో 'రాజు గారి ధాబా'గా పేరుపడ్డ సీ ఇన్ లాంటి ఇంటి తరహా వంట చోట్లు ఉన్నాయి. అక్కడైనా 'ఇవాళ ఏం వచ్చింది' అని అడిగాకే పళ్లెం చెప్పాలి.

గోదావరి జిల్లాలకు పోతే అందరి నోటా వినపడేది పులస. జులై నుంచి సెప్టెంబర్ దాకా వరదనీరు సముద్రంలో కలిసేటప్పుడు ఈ చేప ఎదురీది నదిలోకి వస్తుంది. కడలిలో ఉన్నప్పుడు విలస, గోదారి నీళ్లు తాగాక పులస. యానాం, అంతర్వేది వైపు వలకు పడితే ఒక్కో చేప వేల రూపాయలు పలుకుతుంది. ఎల్లంపల్లి గేట్లు దాటిన నీళ్లు మానేరును, ప్రాణహితను, ఇంద్రావతిని, శబరిని కలుపుకొని అక్కడికే పోతాయి. ఆ నీళ్ల కోసం వచ్చే పులస మాత్రం ఇటు రాలేదు. 1852లో ఆర్థర్ కాటన్ పూర్తి చేసిన ధవళేశ్వరం ఆనకట్ట చోటే దాని ఎదురీత ఆగిపోతుంది. ఇంత గిరాకీ ఉన్నచోట నకిలీ తప్పదు. ఒడిశా, బెంగాల్ వైపు నుంచి ఐసులో వచ్చిన ఇలిశను పులసగా అమ్మేవాళ్లు ఉన్నారు. వరద లేని నెలలో పులస పులుసు పెడతామనే హోటల్‌కు ఒక నమస్కారం పెట్టి బయటికి రావడమే మంచిది.

సీజన్ లెక్క

బొగ్గు బెల్టు కుటుంబానికి నప్పే లెక్క ఇలా ఉంటుంది. జూన్‌లో మృగశిరకు ఎల్లంపల్లి చేప లేదా ఊరి చెరువు కొర్రమీను. ఆ రోజుకు తూర్పు తీరంలో నిషేధం ఇంకా వారం మిగిలే ఉంటుంది కాబట్టి సముద్రపు చేప మీద ఆశ పెట్టుకోకూడదు. జూన్ 15 నుంచి పడవలు నీళ్లలోకి దిగుతాయి. అక్టోబర్, నవంబర్‌లలో వాయుగుండాల హెచ్చరికలు వచ్చినప్పుడల్లా వేట ఆగుతుంది. డిసెంబర్, జనవరిలలో ఎండ తక్కువ, సముద్రం నెమ్మది, చేప రకాలు ఎక్కువ. సంక్రాంతి సెలవులు కూడా అప్పుడే. లాభాల వాటాలో కొంత దాచుకుని ఆ నెలకు టికెట్ తీసినవాళ్లు మేలో పోయినవాళ్ల కంటే మంచి ముక్క తింటారు.

హోటల్లో కూర్చున్నాక నలుగురికీ నాలుగు రకాలు చెప్పకుండా, ఆ రోజు వచ్చిన ఒకటే చేపను సగం ఫ్రై, సగం పులుసు చేయించుకోవడం తెలివైన పని. చేపను తూకం మీద అమ్మేచోట వండకముందే తూచి చూపించమనాలి, ధర అప్పుడే తేల్చుకోవాలి. పీతలు చెబితే బరువుగా ఉన్నవి ఎంచుకోవాలి. తేలిగ్గా ఉన్నదాంట్లో కండ ఉండదు.

తిరుగు ప్రయాణంలో తాజా చేప తేవాలన్న ఆశ మానుకుని ఎండు చేప తెచ్చుకోవచ్చు. రైళ్లు, ఐసు పెట్టెలు ఇంతగా లేని రోజుల్లో సముద్రం తెలంగాణ పల్లెలకు ఎండు చేప రూపంలోనే వచ్చేది. వారం వారం అంగడిలో కుప్పలు పోసి అమ్మిన ఎండు రొయ్యలు, ఉప్పు చేపలే ఇక్కడి కడలి రుచి. చింతచిగురులో ఎండు రొయ్యలు వేసి వండే కూర ఇప్పటికీ ఈ ప్రాంతపు ఇళ్లలో ఎండాకాలపు ఇష్టం. వాడరేవులోనో, విశాఖలోనో ఇసుక మీద కాకుండా పట్టా మీదో, తడిక మీదో ఆరబెట్టినవి చూసి కొనాలి. వంచితే పెళుసుగా విరగాలి, తడి తగలకూడదు, పొడిపొడిగా బూజు రాలకూడదు. ఇంటికి తెచ్చేటప్పుడు రెండు పొరల ప్లాస్టిక్ సంచిలో చుట్టి, బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టాలి. ఏసీ బోగీలో సీటు కింద వదులుగా కట్టిన ఎండు చేపల మూట పెట్టుకున్న కుటుంబాన్ని, కాజీపేట రాకముందే బోగీ అంతా వెతికి పట్టుకుంటుంది.